గేరు పెట్టెలో నీళ్ళు

ఊరి బయటి ఇల్లు
ఏప్రిల్ 9

తమ్ముడూ,

నీకు ఉత్తరం రాసి రెండు నెలలు దాటింది. అక్కకి పొగరెక్కిందని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో, కానీ చదవడం మాత్రం ఆపకు. నీతో పని పడింది.

ముసలాడికి జబ్బు చేసింది. మీ బావకి కాదులే, కంగారు పడకు. ఆయన నడుము నొప్పి ఎప్పటిలాగే ఉంది, ఆయన నోరు ఎప్పటికన్నా బాగుంది. నేను చెప్పేది ట్రాక్టరు సంగతి. నాన్న దాన్ని పాతదిగా కొనుక్కొచ్చిన రోజునే ఆ పేరు పెట్టారు కదా, ఇప్పుడు నిజంగానే ముసలాడైపోయింది.

మొన్న పొద్దున కల్టివేటరు తగిలించి లిఫ్టు లివరు లాగాను. లేవలేదు. లోపల్నుంచి కుయ్యిమని ఒక మూలుగు వచ్చింది. చాలాసేపటికి జానెడు లేచి, మళ్ళీ నావల్ల కాదన్నట్టు దిగిపోయింది. ఆయిలు తగ్గిందేమోనని కొలిచే పుల్ల తీసి చూశాను. తగ్గడం కాదు, పెరిగింది! తేనె రంగులో ఉండాల్సిన గేరు ఆయిలు పాలు ఎక్కువైన టీలా ఉంది. వేళ్ళ మధ్య నలిపితే నురగలా అంటుకుంటోంది తప్ప జారడం లేదు. మీ బావ వచ్చి వంగలేక వంగి వాసన చూసి, "టీ అయితే చల్లారిపోయింది, పారబోసెయ్" అన్నారు. ఆయనకి అన్నీ వేళాకోళమే.

నిజం చెప్పాలంటే ఈ ఏడాదిలో నేను ఆ మూత తెరిచి చూడలేదు. "గేరు ఆయిలు కొత్తది పోశానక్కా, రెండేళ్ళదాకా దాని జోలికి వెళ్ళకు" అని నువ్వు బండి అప్పజెప్పేటప్పుడు అన్నావు. నువ్వన్న మాట అంటే నాకు రాయి మీద రాసినట్టే.

ఇప్పుడు నా భయం చెబుతాను. మేం కౌలుకి చేస్తున్న ఆ ఎనిమిదెకరాల సంగతి నీకు తెలుసు. పోయిన ఏడు దుక్కి వారం ఆలస్యమైందని ఆసామి మొహం మాడ్చుకున్నాడు. ఈసారి ముందే చెప్పేశాడు. తొలి వాన పడేలోగా పొలమంతా దున్ని ఉండాలి, లేకపోతే కౌలు ఇంకొకరికి ఇచ్చేస్తాడట. అడిగేవాడు ఒకడు రోజూ ఆయన గుమ్మం ముందు నిలబడుతున్నాడని కూడా విన్నాను. ఆ పొలం పోతే మాకు ఇంకేం లేదురా. మీ బావ బరువు ఎత్తలేరు, నాకు ట్రాక్టరు తోలడం తప్ప వేరే పని చేతకాదు.

వాటాల రోజున అందరి ముందు "ట్రాక్టరు అక్క తీసుకోనివ్వండి, నాకు రోడ్డు పక్కన ఉన్న ఆ చిన్న స్థలం చాలు" అన్నావు చూడు, ఆ మాట నేను ఎంతమందికి చెప్పుకున్నానో. అలాంటి తమ్ముడున్నాడు కాబట్టే ధైర్యంగా రాస్తున్నాను. అసలు ఆ పెట్టెలోకి నీళ్ళు ఎలా వచ్చాయి? ఏం చెయ్యాలి? వెంటనే రాయి.

నీ అక్క


బస్సు డిపో, మరమ్మతుల షెడ్డు
ఏప్రిల్ 16

అక్కా,

నీ ఉత్తరం మధ్యాహ్నం భోజనాల వేళకి అందింది. గ్రీజు చేతులతోనే చదివాను, అంచుల మీద మరకలు పడ్డాయి. ముసలాడికి జబ్బు అని చదవగానే నేనూ బావే అనుకున్నాను. ఆయనతో చెప్పకు.

ముందు ఒక మాట. దాన్ని స్టార్టు చెయ్యకు. ఎవరు వచ్చి "ఒకసారి తిప్పి చూద్దాం" అన్నా తిప్పనివ్వకు. ఇంజను తిరిగితే పళ్ళచక్రాలు నీళ్ళనీ ఆయిల్నీ కలిపి చిలికేస్తాయి. కదపకుండా మూడు రోజులు వదిలేస్తే, విడిగా ఉన్న నీళ్ళు బరువు కాబట్టి అడుక్కి దిగుతాయి. నాలుగో రోజు పొద్దున్నే, వెనక ఇరుసు మధ్యలో కింద ఉన్న బోల్టు పూర్తిగా విప్పకుండా, రెండు చుట్లు మాత్రం వదులు చెయ్యి. ముందు నీళ్ళే వస్తాయి. ఆయిలు కనబడగానే బిగించేసెయ్. ఎన్ని నీళ్ళు వచ్చాయో చూసి పెట్టుకో.

ఆ తరువాత స్టార్టు చేసి, పొలానికి తీసుకెళ్ళకుండా, ఇంటి ముందే అరగంట తిప్పు. ఆయిలు వేడెక్కి పల్చబడ్డాక మొత్తం వదిలెయ్. చవకరకం ఆయిల్లో కాస్త డీజిలు కలిపి పోసి, పది నిమిషాలు నడిపి, అదీ వదిలెయ్. అలా రెండుసార్లు కడగాలి. ఒక్కసారితో పోదు. ఆయిలు వడకట్టే జల్లెడ విప్పి కడుగు, ఫిల్టరు కొత్తది వెయ్. అన్నీ అయ్యాకే మంచి ఆయిలు పొయ్యాలి.

ఇక నీళ్ళు ఎలా వచ్చాయంటావా, పాత బళ్ళకి అది మామూలే. గేరు రాడ్డు కింద రబ్బరు తొడుగు చిరిగితే వాన నీళ్ళు నేరుగా లోపలికే పోతాయి. నువ్వు గొట్టం పెట్టి కడుగుతావు కదా, అలా కూడా పోతాయి. ఏమీ లేకపోయినా ఎండకి వేడెక్కి చలికి చల్లారే ఇనుప పెట్టెలో చెమట పడుతుంది. ముందు ఆ రబ్బరు చూడు. చాలావరకు అదే అయి ఉంటుంది.

ఇక్కడ నన్ను రెండో షెడ్డు నుంచి మొదటి షెడ్డుకి మార్చారు. పెద్ద మేస్త్రీ నా చెయ్యి మంచిదంటాడు. ఆయనకి అందరి చేతులూ మంచివే, జీతం పెంచమని అడగనంతవరకు.

బావని నడుము జాగ్రత్త అని చెప్పు.

తమ్ముడు


ఊరి బయటి ఇల్లు
ఏప్రిల్ 25

తమ్ముడూ,

నువ్వు చెప్పింది చెప్పినట్టే చేశాను. మూడు రోజులు మీ బావ ట్రాక్టరు పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కాశారు. పిల్లి దాని మీదికి ఎక్కబోతే కూడా "కదపకే, తేరుకుంటోంది" అని తరిమారు. వెల్డింగు షాపాయన సరదాగా ఒక చెయ్యి వెయ్యబోతే ఆయన మీద కూడా కసిరారు. ఇద్దరం నవ్వుకున్నాం. చాలా రోజులకి నవ్వాంలే.

నాలుగో రోజు బోల్టు వదులు చేశాను. నీళ్ళు వచ్చాయి. వస్తూనే ఉన్నాయి. నేను చెంబు పెట్టుకుని కూర్చున్నాను, చెంబు నిండింది. బకెట్టు తెమ్మన్నాను. సగం బకెట్టు నిండింది తమ్ముడూ. చెమటకి అన్ని నీళ్ళు వస్తాయా?

తరువాత మిగతాదంతా చేశాను. రెండుసార్లు కాదు, మూడుసార్లు కడిగాను. మూడోసారి కూడా ఆయిలు కాస్త మబ్బుగానే వచ్చింది. జల్లెడ విప్పి కడిగాను. గేరు రాడ్డు రబ్బరు చూశాను, చెక్కు చెదరలేదు. అది నేను పోయిన దసరా ముందు... కాదు, వానలకి ముందు మార్పించిందే. బండి రేకుల షెడ్డులోనే ఉంటుంది, వాన మీద పడదు. గొట్టంతో కడగడం నేను ఎప్పుడో మానేశాను, గుడ్డతో తుడవడమే.

మరి ఈ నీళ్ళు ఎక్కడివి?

నువ్వు నెమ్మదిగా కూర్చుని ఆలోచించి చెప్పు. నా దగ్గరికి రాకముందు, అది అక్కడ నాన్న ఊళ్ళో నీ చేతిలో ఉన్నప్పుడు, ఎప్పుడైనా వాగులో గానీ గుంటలో గానీ దిగిందా? దిగితే దిగిందని చెప్పు, దానికేముంది. బండి అన్నాక దిగుతుంది. ఎక్కడ మొదలైందో తెలిస్తే ఏం చెయ్యాలో తెలుస్తుందని అడుగుతున్నాను, అంతే.

వానలకి ఇంకా నెల పైన ఉంది. ఆసామి ఇటువైపు రాలేదు, నేనూ అటువైపు పోలేదు.

అక్క


బస్సు డిపో, మరమ్మతుల షెడ్డు
మే 3

అక్కా,

వాగులోనా? లేదక్కా. నా చేతిలో ఉన్నన్నాళ్ళూ దాని చక్రాల పట్టీ మించి తడవలేదు. నాన్న ఉన్నప్పుడు ఏమైనా జరిగిందేమో నాకు తెలియదు, ఆయనకి బండి అంటే ప్రాణం కదా, జరగనిచ్చి ఉండరు.

సగం బకెట్టు అంటే పైనుంచే వస్తూ ఉండాలి. సీటు కింద, లిఫ్టు చేతులు ఉండే పెద్ద మూత ఒకటి ఉంది చూడు, దాని కింద నీళ్ళు దిగకుండా కాగితం గాస్కెట్టు ఉంటుంది. ఏళ్ళు గడిస్తే అది ఎండి పొడి పొడిగా అయిపోతుంది. షెడ్డు రేకుల్లోంచి ఒక్కొక్క చుక్కే పడినా చాలు, ఏడాదికి సగం బకెట్టు అవుతుంది. ఆ మూత లేపి చూడాలి. బరువు ఎక్కువ, నువ్వు ఒక్కదానివే లేపకు. వెల్డింగు ఆయన దగ్గర మూడు కాళ్ళ స్టాండూ గొలుసూ ఉంటాయి, అడుగు. కొత్త గాస్కెట్టు ఈ ఉత్తరంతోపాటు పార్సిలు చేస్తున్నాను. ఇక్కడ స్టోరు గుమాస్తా నాకు బాగా తెలుసు.

అది తేలేదాకా పొలంలోకి దించకు. పని ఎక్కువని విసుక్కోకు. ఇలాంటివి ఓపికగా వెతకాలి.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. బస్సుల కింద పడుకుని పని చేస్తుంటే పెనం మీద రొట్టెలు కాల్చినట్టుంది. మొన్న ఒక డ్రైవరు, బ్రేకులు బాగున్నాయని సంతకం పెట్టమన్నాడు. చూడకుండా పెట్టనన్నాను. నాతో గొడవ పెట్టుకున్నాడు. చూడకుండా ఎలా పెడతాం చెప్పు.

తమ్ముడు


ఊరి బయటి ఇల్లు
మే 14

తమ్ముడూ,

పార్సిలు అందింది. గాస్కెట్టు సరిగ్గా సరిపోయింది. కానీ దానితో పని లేకపోయింది.

ఆ మూత విప్పడానికి ఎనిమిది రోజులు పట్టింది. రెండు బోల్టులు తుప్పు పట్టి మొండికేశాయి. వెల్డింగు ఆయన గ్యాసుతో కాల్చి కాల్చి తీశాడు. మీ బావ గొలుసు పట్టుకుని "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ మేస్త్రీ ఫోజు కొట్టారు. తీరా లేపి చూస్తే పాత గాస్కెట్టు నిక్షేపంలా ఉంది. ఒక్క చుక్క దిగిన జాడ లేదు. షెడ్డు పైకి నిచ్చెన వేసుకుని ఎక్కి రేకులన్నీ చూశాను. చిల్లి లేదు.

అంటే పైనుంచి రాలేదు. పక్కనుంచి రాలేదు. ఆ నీళ్ళు లోపలే ఉన్నాయి, చాలా రోజులుగా.

మేం అలా అన్నీ విప్పి పరిచిపెట్టుకున్న రోజునే ఆసామి వచ్చాడు. స్కూటరు దిగకుండానే చూసి, "ఏమ్మా, బాగు చేస్తున్నారా, పోస్టుమార్టమా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. వెళ్ళేటప్పుడు మాత్రం నవ్వలేదు. "వాన నా మాట వినదమ్మా. నెలాఖరు దాకా చూస్తాను" అన్నాడు.

ఇప్పుడు నేను నిన్ను ఒక మాట అడుగుతున్నాను, దానికి నువ్వు తిన్నగా జవాబు చెప్పాలి. అద్దె ట్రాక్టరు ఆయన ఒకడున్నాడు. అతనికి ఈ వారంలో చెబితే నెలాఖరులోగా మన పొలం దున్నిపెడతాడు. వారం దాటితే జూను చివరిదాకా ఖాళీ లేదట. అతనికి చెప్పమంటావా? లేక లోపలంతా కడిగాం కదా అని ముసలాణ్ణి నమ్ముకుని దిగమంటావా? కడిగినంత మాత్రాన సరిపోతుందా, లోపల బేరింగులు ఎప్పట్నుంచి నీళ్ళలో నానుతున్నాయో, ఎంత తిన్నాయో నాకు తెలియదు. నేను డ్రైవర్ని, మెకానిక్కుని కాను. ఆ పెట్టె సంగతి నీకే తెలుసు. నువ్వు ఏమంటే అదే చేస్తాను. మీ బావ అద్దె ట్రాక్టరే అంటున్నారు. తమ్ముడి ఉత్తరం వచ్చేదాకా ఆగండి అన్నాను.

నీకు తెలిసింది ఏదైనా సరే రాయి. నేను ఏమీ అనుకోను.

అక్క


బస్సు డిపో, మరమ్మతుల షెడ్డు
మే 19

అక్కా,

నీ ఉత్తరం అందిన రోజే రాస్తున్నాను.

అద్దె ట్రాక్టరు దండగ. మూడుసార్లు కడిగావు, నీళ్ళు పోయాయి, ఇంకేం కావాలి. మంచి ఆయిలు పోసుకుని దింపు. ముసలాడు గట్టి ఇనుము, ఇప్పటి బళ్ళలా రేకు డబ్బా కాదు. లోపల తుప్పు ఉన్నా పైపైనే ఉంటుంది, కొత్త ఆయిల్లో అదే నలిగిపోతుంది.

కానీ మెల్లగా నడుపు. మొదటి రెండు రోజులు ఒకటో గేరు దాటకు. లోతు తక్కువ పెట్టు. మలుపుల దగ్గర ఒక పక్క బ్రేకు తొక్కి తిప్పకు, చుట్టూ తిరిగి రా. కింద ఏదైనా చప్పుడు వినిపిస్తే వెంటనే ఆపెయ్. అంతే, ఇంకేం లేదు. భయపడాల్సిన పని లేదు.

బావకి నా మాటగా చెప్పు, మెకానిక్కు చెప్పాడని. ఈ మధ్య నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. ఎండల వల్లేనేమో.

తమ్ముడు


ఊరి బయటి ఇల్లు
జూన్ 4

తమ్ముడికి,

మే 26న కొత్త ఆయిలు పోసి పొలంలోకి దిగాను. ఒకటో గేరులోనే నడిపాను. మలుపుల్లో చుట్టూ తిరిగే వచ్చాను. రెండు రోజుల్లో రెండెకరాలు అయ్యాయి. మూడో రోజు పొద్దున చప్పుడు వినిపించింది. ఆపేలోగానే పెద్ద శబ్దం అయింది. వెనక బేరింగు ముక్కలై పళ్ళచక్రాల మధ్య పడింది. పెట్టె అడుగు పగిలి ఆయిలంతా చాల్లోకి కారింది. చక్రాలు బిగుసుకుపోయాయి, తోసినా కదల్లేదు.

అద్దె ట్రాక్టరు ఆయన దగ్గరికి పరుగెత్తాను. ఖాళీ లేదన్నాడు. 31న వాన పడింది.

ఆసామి వచ్చాడు. "నీ మీద నాకు కోపం లేదమ్మా, నువ్వు కష్టపడ్డావు, నేను చూశాను" అన్నాడు. పొలం ఇంకొకరికి ఇచ్చాడు. వాళ్ళు నిన్న దున్నారు. మన బండి మధ్యలో అడ్డంగా ఉంది కాబట్టి దాని చుట్టూ వదిలిపెట్టి దున్నుకుపోయారు. ఈ వారంలో తీసెయ్యమన్నారు.

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం.

అక్క


బస్సు డిపో, మరమ్మతుల షెడ్డు
జూన్ 10

అక్కా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఐదోసారి చింపను.

అది వాగులో దిగింది. రెండేళ్ళ కిందట, నాన్న చనిపోయిన ఏడాది వానల్లో. చప్టా మీద ఒక లారీ జారి వాగులో పడి ఇరుక్కుంది. ఒడ్డు మీద జనం గుమిగూడారు. ఎవరో "ఆ ట్రాక్టరు అయితే లాగుతుంది గానీ తోలే మొనగాడు ఎవడు" అన్నాడు. నేను దింపాను. నీళ్ళు సీటు దాకా వచ్చాయి. లారీని లాగేదాకా చాలాసేపు నీళ్ళలోనే ఉన్నాను, ఇంజను ఆగిపోతే మళ్ళీ స్టార్టు చేసి మరీ లాగాను. లారీ బయటికొచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు, భుజాల మీద చేతులు వేశారు. నా బతుకులో నన్ను అంతమంది మెచ్చుకున్నది ఆ ఒక్కరోజే.

ఇంజను ఆయిలు మార్చాను. గేరు ఆయిలు ఒకసారి వదిలేసి కొత్తది పోశాను. ఒక్కసారే. రెండుసార్లు కడగాలని నాకు తెలుసు. పక్క ఇరుసుల్లో నీళ్ళూ ఒండ్రూ నిలిచిపోతాయని కూడా తెలుసు. కానీ ఇక్కడ ఉద్యోగంలో చేరాల్సిన రోజు దగ్గర పడింది, చేతిలో ఆయిలు లేదు, తరువాత చూద్దాంలే అనుకున్నాను. తరువాత చూడలేదు.

వాటాల రోజున ట్రాక్టరు నీకు ఇమ్మన్నది అందుకే అక్కా. అది ఎక్కువ రోజులు నడవదని నాకు అనుమానం ఉంది. అందరూ నన్ను పొగిడారు. నువ్వు కళ్ళనీళ్ళు పెట్టుకున్నావు. ఆ పొగడ్త వింటూ వింటూ, నేను మంచి మనసుతోనే ఇచ్చానని నాకే నమ్మకం కుదిరింది. జోలికి వెళ్ళకు అని ఎందుకన్నానో కూడా నేను మరిచిపోయాను. నీ మొదటి ఉత్తరంలో టీ రంగు అని చదివినప్పుడు గుర్తొచ్చింది.

వాగులో దిగిందా అని నువ్వు అడిగినప్పుడు చెప్పేద్దామనే కాగితం తీశాను. చెయ్యి వేరేది రాసింది. ఆ తరువాత అద్దె ట్రాక్టరు సంగతి అడిగావు. అతనికి చెప్పు అని రాస్తే, ఎందుకు అని అడుగుతావు కదా. ఆ ఎందుకుకి జవాబు రాయాలంటే వాగు సంగతి రాయాలి. దేవుడి దయ వల్ల పది రోజులు నడిచిపోతే చాలు, పొలం దున్నేసుకుంటుంది అనుకున్నాను. నీ బతుకు పెట్టి జూదమాడాను.

నేను సెలవు పెడుతున్నాను. పాత సామాన్ల దుకాణాల్లో దానికి సరిపోయే పెట్టె దొరుకుతుంది, తెస్తాను. ఆసామి కాళ్ళు పట్టుకుంటాను. బావ కొడితే పడతాను. ఏదో ఒకటి రాయి అక్కా. తిట్టయినా రాయి.

తమ్ముడు


ఊరి బయటి ఇల్లు
జూన్ 22

తమ్ముడూ,

సెలవు పెట్టకు. వచ్చి చేసేదేమీ లేదు. ముసలాణ్ణి పొలంలోనే గ్యాసుతో కోసి, పాత ఇనుము కింద తీసుకుపోయారు. వెల్డింగు ఆయనే కోశాడు. కొయ్యడానికి ముందు మీ బావ దాని ముందు చక్రం మీద అంటిన మట్టిని చేత్తో తుడిచారు.

నువ్వు నీ సంగతి చెప్పావు కాబట్టి నేనూ నాది చెబుతాను. లేకపోతే అంతా నీ తప్పే అనుకుంటూ ఉంటావు.

నాకు ముందే తెలుసు. ఏప్రిల్‌లోనే తెలుసు. ఆ సగం బకెట్టు నీళ్ళు వంచితే అడుగున నల్ల ఒండ్రు పిడికెడు మిగిలింది. ఇక్కడి మట్టి తెల్లది, ఇసక తెల్లది. ఆ నలుపు నాన్న ఊరి వాగుది. జల్లెడ కడుగుతుంటే చిటికెన వేలి గోరంత నత్తగుల్ల ఒకటి దొరికింది. చెమటలో నత్తలు పుట్టవు కదా. మీ బావ దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసి, "మీ వాడు వాగులో ముంచాడు. మనకి చెప్పలేదు. ఇక దీన్ని నమ్మకు, రేపే అద్దె ట్రాక్టరు మాట్లాడుకుందాం" అన్నారు. అప్పటికి అద్దె ట్రాక్టరు ఆయనకి కావలసినంత ఖాళీ ఉంది.

నేను ఒప్పుకోలేదు. "వాడే రాస్తాడు, చూడండి. అడిగితే దాచడు" అన్నాను. అందుకే నీకు నత్తగుల్ల సంగతి రాయలేదు. రాస్తే నువ్వు దొరికిపోయి ఒప్పుకున్నట్టవుతుంది. నువ్వంతట నువ్వే చెప్పాలని నాకు పంతం. వాగులో దిగిందా అని అడిగాను. లేదన్నావు. ఆ నీళ్ళు వాగువని తెలిసీ, నువ్వు చెప్పావని ఎనిమిది రోజులు ఆ మూత విప్పించాను. ఇవన్నీ చూస్తే వాడికి మనసు కరుగుతుందిలే అనుకున్నాను. చివరికి ఏమీ అనుకోను రాయి అని బతిమాలాను. నువ్వు నీళ్ళు నమిలిన కొద్దీ నాకు మొండితనం పెరిగింది.

మే 19 నాటి నీ ఉత్తరం చదివాక మీ బావ ఒకే మాట అడిగారు. "నీ ఎదురుచూపు అయిందా, లేదా?" అని. ఆ సాయంత్రమే అద్దె ట్రాక్టరు ఆయన దగ్గరికి పోయి ఉంటే ఇంకా వీలుండేదేమో. ఒకరోజు అటూ ఇటూ అయినా బతిమాలి ఒప్పించేదాన్నేమో. నేను ఆయిలు డబ్బా తెచ్చుకుని మూత తీశాను. నువ్వు రాసింది అబద్ధమని తెలిసే పోశాను తమ్ముడూ. ఆ మాట నమ్మకపోతే, నా తమ్ముడు నా నోటి దగ్గరి కూడు పోతుందని తెలిసి కూడా బండి దింపమన్నాడని ఒప్పుకోవాలి. దానికన్నా పొలంలోకి దిగడమే సులువనిపించింది. రెండెకరాలు దున్నిన ఆ రెండు రోజులూ నేను ఎంత సంతోషంగా ఉన్నానో నీకు చెప్పలేను. చూశారా, నడుస్తోంది, నా తమ్ముడు చెప్పింది నిజమే అని సీటు మీద నుంచి మీ బావకి చెయ్యి ఊపాను.

కాబట్టి పొలం పోగొట్టింది నువ్వొక్కడివే కాదు. మీ బావ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండు. పొద్దున్నే లేచి సిమెంటు గోడౌనులో లెక్క రాయడానికి వెళుతున్నారు, రోజంతా నిలబడి ఉండే పని, ఆ నడుముతో. సాయంత్రం వచ్చి గోడవైపు తిరిగి పడుకుంటారు. నేను అదే పొలంలో కలుపు తీయడానికి పోతున్నాను. కొత్తగా కౌలు తీసుకున్నవాళ్ళు మంచివాళ్ళే, నన్ను చివరి వరసలో పెట్టి తొందరపెట్టరు. పైరు బాగానే మొలిచింది.

నిన్ను తిట్టమన్నావు. కూర్చుని ప్రయత్నించాను, రాలేదు. కోపం ఉంటే బాగుండేది, కోపం అయితే ఎప్పటికైనా పోతుంది. మొన్న నీ ఉత్తరం అందినప్పుడు వాగు, లారీ, చప్పట్లు అన్నీ చదివాను. అంతా అలాగే జరిగి ఉంటుంది, ఎందుకు జరగదు. కానీ చదువుతూ చదువుతూ ఒకచోట ఆగి, ఇందులో ఇంకా ఏం దాచాడో అని వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివాను. రేపు నువ్వు ఒంట్లో బాగుందని రాసినా అలాగే చదువుతాను. బాగాలేదని రాసినా అలాగే చదువుతాను. నీకు నిజంగా ఏదైనా అయితే, నేను దాన్ని నమ్మి బయల్దేరేలోగా ఆలస్యమైపోతుందేమోనని భయంగా ఉందిరా.

అక్క